గీత దాకా నీళ్ళు

లెక్కల బావ చేసిన అన్యాయాన్ని మెకానిక్ చచ్చేదాకా మర్చిపోడు. అక్కకూ వాటా ఉన్న ఇల్లే, కాదనలేం. అంతమాత్రాన ముందు గదిని ఒక్క మాటైనా చెప్పకుండా అద్దెకిచ్చేస్తాడా? ఆ గదిలో పెద్ద అక్వేరియం పెట్టాలని మెకానిక్ గోడలు కొలుచుకున్నాడు, నీలం రంగు కూడా వేయించుకున్నాడు.

"ఖాళీ గదిలో దెయ్యాలు చేరతాయిరా బావమరిదీ. పిల్ల బుద్ధిమంతురాలు, కళ్ళద్దాల షాపులో పని. నీ జోలికి రాదులే," అన్నాడు బావ.

జోలికి రాదు అని చెప్పాడంటేనే ఏదో ఉంది. బావ లాభం లేనిదే దగ్గను కూడా దగ్గడు.

అద్దాలమ్మాయి వచ్చిన రోజే హాల్లో ఉన్న చిన్న అక్వేరియం ముందు నిలబడిపోయింది. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు, ఓ పగడం, నత్తలు.

"ఎంత ముద్దుగా ఉన్నాయండీ."

"చూడండి. ముట్టుకోకండి."

"చేపల్నేనా, ఇంట్లో ఇంకేవైనా ఉన్నాయా ముట్టుకోకూడనివి?"

ఆమె నవ్వింది. మెకానిక్ గోడకేసి చూశాడు. ఈ నవ్వు వెనక బావ ఉన్నాడని మాత్రం రూఢి చేసుకున్నాడు. పెళ్ళి చేసుకోమని అక్కా బావా పోరు పెట్టినప్పుడల్లా అతను చేపల్నే అడ్డం పెట్టుకుంటాడు. చేపలే లేకపోతే అడ్డమేముంది?

అది సముద్రపు నీళ్ళ తొట్టి. ఎండకు నీళ్ళు ఆవిరవుతాయి కానీ ఉప్పు అందులోనే మిగులుతుంది. అందుకని తగ్గినంత మంచినీళ్ళు పోస్తూండాలి. ఏసీలు బాగుచేస్తూ పొద్దస్తమానం తిరిగే మనిషికి అది కుదరదు. పక్కన పెద్ద బకెట్ నిండా మంచినీళ్ళు, అందులో చిన్న మోటరు, తొట్టిలో తేలే బుడిపె అమర్చుకున్నాడు. నీళ్ళు తొట్టి మీద గీసుకున్న గీత కిందికి జారితే బుడిపె దిగి మోటరు తిరుగుతుంది. గీత అందగానే ఆగిపోతుంది.

కొన్నాళ్ళకు చేపలు మేత ముట్టడం మానేశాయి. పగడం ముడుచుకుపోయింది. ఉప్పు చూసే గొట్టంలో రెండు చుక్కలు వేసుకుని వెలుతురుకేసి పట్టి చూస్తే ముప్పై అయిదు దగ్గరుండాల్సిన గీత ముప్పై తొమ్మిదికెక్కి కూర్చుంది.

"ఎడమ కన్నుతో చూడండి," అంది అద్దాలమ్మాయి అటు వెళుతూ. "మీ కుడి కంటికి సైటుంది. నన్ను చూసేటప్పుడు కూడా అలాగే చికిలిస్తారు."

ఈవిడ నన్నెందుకు గమనిస్తోందని అతను అనుమానపడ్డాడు. పైగా ఇంత ఎండల్లో బకెట్లో నీళ్ళు తగ్గాల్సినంత తగ్గలేదు. తొట్టిలో మాత్రం సరిగ్గా గీత దాకా ఉన్నాయి. తొట్టి నీళ్ళలో కలపడానికి తెచ్చుకున్న ఉప్పు సంచి ముడి తను వేసినట్టు లేదు. బావకు ఫోన్ చేశాడు.

"ఆవిణ్ణి ఇక్కడెందుకు దింపావు?"

"టైమొస్తే నీకే తెలుస్తుంది," అని బావ కిసుక్కున నవ్వాడు.

మర్నాడు మెకానిక్ సామాను సంచి భుజానేసుకుని, అందరికీ వినపడేలా స్కూటర్ స్టార్ట్ చేసి, వీధి చివర ఆపేశాడు. నడిచి వచ్చేలోగా ఉన్నట్టుండి వాన దంచేసింది. నిలువునా తడిసి, వెనక గుమ్మంలోంచి దూరి, హాలు కర్టెన్ వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

అద్దాలమ్మాయి వచ్చింది. మోటరు ప్లగ్ పీకింది. ఉప్పు సంచి విప్పి, జగ్గులో కలిపి, గీత దాకా పోసింది. దొంగ దొరికింది. కానీ ఆ దొంగ చేపలతో, "తినండర్రా, మీ అయ్యగారు దిగులు పెట్టుకున్నారు," అంటోంది.

తర్వాత నేలకేసి చూసి గతుక్కుమంది. "అయ్యో, తొట్టి కారుతోంది." తడి వెంబడే వంగి నడుస్తూ వచ్చి కర్టెన్ లాగింది.

కారుతున్నది మెకానిక్.

"మా బావ ఎంతిస్తానన్నాడు వీటిని చంపడానికి?"

ఆమె ముందు తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టింది.

"చంపడమా? నేను వచ్చిన కొత్తల్లో మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి నత్త ఒకటి మీ బుడిపె మీదెక్కి కూర్చుంది. బుడిపె పైకి లేవట్లేదు, మోటరు ఆగట్లేదు, నీళ్ళు అంచుకొచ్చేస్తున్నాయి. ప్లగ్ పీకేశాను. అప్పట్నుంచీ పగలు పీకేసి నేనే పోస్తున్నా, మీరొచ్చేలోపు మళ్ళీ పెట్టేస్తున్నా."

"నాకు చెప్పొచ్చుగా?"

"గుడ్ మార్నింగ్ అంటేనే గోడకేసి చూస్తారు. నత్త సంగతి ఎవరికి చెప్పను?"

"ఉప్పెందుకు కలిపారు?"

"సముద్రపు చేపలకి చప్పటి నీళ్ళు పోస్తారా ఎవరైనా?"

మెకానిక్ కోపం ఎక్కడ పట్టుకోవాలో తెలియక జారిపోయింది. "నీళ్ళే ఆవిరవుతాయండీ. ఉప్పు ఎక్కడికీ పోదు."

ఆమె మొహం పాలిపోయింది. "అంటే ఇంతా చేసి నేనే... ఇప్పుడే మంచినీళ్ళు పోసేయనా?"

"వద్దొద్దు. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేవు. కొంచెం తీసి, కొంచెం పోస్తూ, నిదానంగా దించాలి."

"సెలవు పెడతాను," అంది.

ఇద్దరూ తొట్టికి చెరోపక్కన కూర్చున్నారు. ఆమె ఉప్పునీళ్ళు తోడితే అతను మంచినీళ్ళు పోశాడు. గొట్టంలో గీత ఆమే చూసింది, కళ్ళు బాగున్నది ఆమెకే కనక. నత్త ఎక్కకుండా బుడిపె చుట్టూ టీ వడకట్టే జల్లెడ బిగించారు. పెద్ద బకెట్ తీసేసి చిన్నది పెట్టారు. ఈసారి మోటరు ఆగకపోయినా, ఉన్న నీళ్ళన్నీ కలిపినా అంచు దాటవు.

గీత ముప్పై అయిదుకు దిగిన సాయంత్రం పగడం విచ్చుకుంది. పట్టీల చేప బయటికొచ్చి మేత నోట కరుచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను ఈసారి గోడకేసి చూడలేదు.

"నిజం చెప్పండి. మా బావ మిమ్మల్ని ఎందుకు పంపాడు?"

"ఇంకా పోలేదా అనుమానం?"

"ఉప్పు కదండీ."

ఆమె నవ్వి, తల దించుకుంది. "పంపిన మాట నిజమే. సంబంధం అంటే మీరు గోడ దూకుతారట. అద్దెకి దిగి మనిషిని చూసుకో తల్లీ, నచ్చకపోతే ఖాళీ చేసి పో, అన్నారు."

అనుమానం నిజమైనందుకు మొదటిసారి అతనికి సంతోషమేసింది.

"ఖాళీ చేస్తున్నారా మరి?"

"నాకు చేపలు నచ్చాయి." మేత డబ్బాకి మూత పెడుతూ అంది, "వాటికి నీళ్ళు పోసే ఆయన కూడా."

కబురు తెలిసి అక్కా బావా దిగారు. అక్క ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ఏడ్చింది. బావ మీసం దువ్వాడు. "నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పలేదులే బావా. ఆవిడ ఇక నా వైపుకొస్తుంది కదా, ముందు గది ఖాళీయే. పెద్ద అక్వేరియం..."

"అదేంటండీ," అంది అద్దాలమ్మాయి. "అందులో నేను కళ్ళద్దాల షాపు పెడుతున్నా. షాపు అద్దెకి అన్నయ్యగారు ఎప్పుడో ఒప్పుకున్నారు. మొదటి జోడు మీకే."

బావ దగ్గుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. మెకానిక్ శాశ్వతంగా పోగొట్టుకున్నది ఆ నీలం గోడల గది, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు.