అరవని అత్తగారు

అత్తగారి కాళ్లు రెండూ చీలమండల దాకా బొబ్బలెక్కాయి. అరుపు మాత్రం ఎవరికీ వినిపించలేదు.

కేసు అక్కడే ఆగింది.

నిన్న సాయంత్రం 7.30కి కోడలు ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసింది. అత్తగారు అందులో కాళ్లు పెట్టుకుని టీవీ సీరియల్ చూశారు. ఎనిమిదింటికి కాళ్లు పైకి తీశారు. అప్పుడు కోడలు అరిచింది.

మత్తుమందు పెట్టి కాల్చిందని ఆడపడుచు కంప్లయింట్ ఇచ్చింది.

ఉదయం పదింటికి ఇన్‌స్పెక్టర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. అత్తగారి కట్లు కట్టిన పాదాలు స్టూలు మీదున్నాయి. కొడుకు తల్లికీ పెళ్లానికీ సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు, స్కేలు పెట్టి కొలిచినట్టు.

"అరెస్ట్ చేసెయ్యండి సార్, ఇంకా ఏం ఆలోచిస్తారు?" అంది ఆడపడుచు.

ఇన్‌స్పెక్టర్ కోడలి వైపు తిరిగాడు. "అంత వేడినీళ్లు ఎందుకు పోశారు?"

"మొదట గోరువెచ్చగానే పోశానండీ. చల్లగా ఉన్నాయన్నారు. కెటిల్‌లోవి కలిపాను. మళ్లీ చల్లగా ఉన్నాయన్నారు. అలా మూడుసార్లు."

"మరిగే నీళ్లు చల్లగా ఉన్నాయంటారా ఎవరైనా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావ్ వదినా?"

"అన్నానే," అన్నారు అత్తగారు. "మత్తులో అనుంటాను."

"నిన్న సీరియల్లో ఏమైందమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ చెప్పారు. డైలాగులతో సహా చెప్పారు. ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో కూడా చెప్పారు. ఆరు నిమిషాలు పట్టింది.

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో 'మత్తు' కొట్టేశాడు.

"కాపడం ఎందుకు పెట్టుకున్నారు?"

"కాళ్లు మొద్దుబారుతున్నాయి బాబూ. ఆర్నెల్ల నుంచీ."

"మందులేమైనా వాడుతున్నారా?"

"మందులా? ఛఛ!" మామగారు లేచి ట్రే తెచ్చారు. పెళ్లి ఆల్బమ్ చూపించినట్టు ఒక్కో సీసా చూపించారు. "అన్నీ విటమిన్లే. పొద్దున మల్టీవిటమిన్. మధ్యాహ్నం నరాల బలానికి. రాత్రి ఇది, శక్తికి. తిమ్మిరి ఎక్కువైతే రెండేసి. ఇద్దరం వాడతాం."

"డాక్టర్ రాశాడా?"

"నా వాకింగ్ ఫ్రెండ్ చెప్పాడు. విటమిన్లకి డాక్టరెందుకండీ?"

కోడలు కాఫీ తెచ్చింది. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసులు. ఇన్‌స్పెక్టర్ ఒకటి ముట్టుకుని వెంటనే వదిలేశాడు. వేళ్లు ఊదుకున్నాడు.

మామగారు తన గ్లాసును పిడికిలి నిండా పట్టుకుని ఆరోగ్యం గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. టైమ్ 10.20.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"సార్, గ్లాసు కింద పెట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎందుకు?"

"అరచెయ్యి చూసుకోండి."

కందిపోయింది. మామగారు దాన్ని ఎవరిదో చెయ్యిలా చూశారు.

ఇన్‌స్పెక్టర్ మూడు సీసాలూ తిప్పి పెట్టాడు. "మూడింట్లోనూ బి-సిక్స్ విటమిన్ ఉంది. మోతాదు మించి నెలల తరబడి మింగితే నరాలు దెబ్బతింటాయి. చేతులూ కాళ్లూ మొద్దుబారతాయి. అది తగ్గాలని మీరు అవే ఇంకో రెండు మింగారు. ఆవిడకి నీళ్లు నిజంగానే చల్లగా ఉన్నాయి. అందుకే అరవలేదు. ఆవిడ మాటే మీకు సాక్ష్యం. ఎవరూ పట్టించుకోలేదు. ఇవి ఆపేసి, సీసాలన్నీ పట్టుకుని ఇవాళే డాక్టర్ దగ్గరికెళ్లండి. మిగతాది టెస్టుల్లో తేలుతుంది."

ఆడపడుచు తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఓ సీసా తీసి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.

"అయితే బాబూ," అన్నారు అత్తగారు, "ఈ తిమ్మిరి తగ్గడానికి ఏ టాబ్లెట్ వేసుకోమంటావ్?"

కోడలికి ఎవరూ సారీ చెప్పలేదు. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరే ఆగాడు.

"మీ మీద కేసు లేదమ్మా. ఇంతమంది ఇన్ని మాటలన్నారు. కోపం రాలేదా?"

"ఏమీ అనిపించట్లేదండీ."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మీరూ ఆ టాబ్లెట్లు వాడుతున్నారా?"

"లేదండీ," అంది. "పదకొండేళ్లుగా ఈ ఇంటి కోడల్ని."