బాక్సులో పదకొండు పేర్లు

గుండుసూది మొగుడికి ఒక జబ్బుంది. తనకు తెలిసినదంతా ఎదుటివాళ్లకీ తెలుసనుకుంటాడు. కొత్తింట్లో చేరిన రోజు "ఎడమవైపు తిరిగితే మనిల్లే" అని ఆమెకు దారి చెప్పాడు. ఎన్ని ఎడమలో చెప్పలేదు. ఆమె కూరగాయల సంచీ మోసుకుంటూ పేటంతా చుట్టి ఇల్లు చేరితే, "నేనలా చెప్పలేదే" అన్నాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన నోట 'తప్పు' అన్న మాట వచ్చిందంటే, అది పక్కవాళ్లదే.

అలాంటి మనిషి డిపార్ట్‌మెంట్‌లో టెక్నికల్ సెక్షన్ హెడ్. ఆయన రాసిచ్చిన కాగితాన్ని నమ్ముకుని శత్రువుల మధ్యకు వెళ్లే ఏజెంట్ ఆమె. గుండుసూది ఆమె కోడ్ నేమ్.

ఆ ఉదయం ఆయన ఇచ్చిన బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"డెంటల్ క్లినిక్. ఎక్స్‌రే గదిలో విదేశీ ముఠా కంప్యూటర్. అందులో మన ఏజెంట్లు పదకొండు మంది పేర్ల ఫైలుంది. నాలుగింటికి వాళ్ల మనిషి, మనం బట్టతల అనేవాడు, వేలిముద్ర వేసి దాన్ని తన పైవాళ్లకి పంపుతాడు. పంపాడా, రేపటికి మనవాళ్లు ఒక్కరూ మిగలరు."

"వేలిముద్ర లేకుండా నేనెలా తెరవను?"

"దాని సిస్టమ్ జోలికే పోవద్దు. ఈ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఉంది. దీంతో స్టార్ట్ చేస్తే డిస్క్ తెరుచుకుంటుంది. ఫైలు మార్చు, బయటికొచ్చెయ్."

"లినక్స్ నేనెప్పుడూ ముట్టుకోలేదండీ. పైగా మీరు చూపించిన ఫొటోలో ఆ కంప్యూటర్ బాక్సుకి ఫ్యానే లేదు. ఫోన్లలో ఉండే రకం చిప్పేమో. దానికి వేరే లినక్స్ కావాలని చదివాను."

"అన్ని కంప్యూటర్లూ ఒకటే. కాగితం చూసి చెయ్యి."

ఆయన సర్దిన సూట్‌కేసును మళ్లీ సర్దకుండా ఆమె ఏనాడూ ఊరు దాటలేదు. ఆ అలవాటు కొద్దీ ఇంటికెళ్లి, పాత కెమెరాలోని మెమరీ కార్డులోకి ఆ రెండో రకం లినక్స్ ఎక్కించి, రబ్బరు గ్లవ్‌లో దాచుకుంది.

మూడూ ఇరవైకి క్లీనింగ్ యూనిఫామ్‌లో, చేతిలో నేల తుడిచే మాప్‌తో క్లినిక్ వెనక తలుపు తట్టింది. హైహీల్స్, ఎర్రటి లిప్‌స్టిక్‌తో డెంటిస్ట్ తలుపు తీసింది. ముఠా తమ మనిషే అనుకుంటున్న డబుల్ ఏజెంట్. ఆ పదకొండు పేర్లలో మొదటిది ఆమెదే.

"పై పన్నా, కింది పన్నా?" డెంటిస్ట్ కోడ్ మాట అడిగింది.

"జ్ఞానదంతం."

డెంటిస్ట్ గొంతు తగ్గించింది. "బట్టతల నా కుర్చీలోనే ఉన్నాడు. దవడకి మత్తిచ్చాను. వీలైనంతసేపు నోరు మూయనివ్వను. ఆ తర్వాత నా వల్ల కాదు."

ఎక్స్‌రే గదిలో టేబుల్ మీద లంచ్ బాక్సంత పెట్టె. పేరూ ఊరూ లేదు. కాగితంలో మొదటి మాట: 'ఎఫ్-12 నొక్కండి'. కీబోర్డులో అసలు ఎఫ్ వరసే లేదు.

ఆమె చెవి రింగులోని మైక్‌లో గుసగుసలాడింది. "ఏవండీ, ఎఫ్-12 లేదు."

"ఉంటుంది. సరిగ్గా చూడు."

"ఫ్రిజ్‌లో ఎదురుగా ఉన్న పాలు కనపడని మనిషి మీరు. నాకు చూడ్డం నేర్పకండి."

పెట్టెను తిప్పి అడుగున తడిమింది. సూది పట్టేంత కన్నం. హెయిర్‌పిన్ దూర్చి నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేసింది. మెనూ వచ్చింది. పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంది. 'స్టార్ట్ చేయడానికి ఏమీ దొరకలేదు' అంది స్క్రీన్. మళ్లీ చేసింది. మళ్లీ అదే మాట.

"తీసి మళ్లీ పెట్టు," అంది చెవి రింగు.

"మూడుసార్లు పెట్టానండీ."

"మా దగ్గర వచ్చిందే?"

"మీ కంప్యూటర్లో వచ్చింది."

మూడూ నలభై అయిదు. పక్కగదిలో డ్రిల్లు ఆగినప్పుడల్లా ఆమె తలుపు వైపు చూస్తోంది. గ్లవ్‌లోంచి కార్డు తీసి పెట్టెలోకి తోసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పరిగెత్తాయి. డెస్క్‌టాప్ తెరుచుకుంది.

కానీ కీబోర్డు పలకలేదు. క్లినిక్‌వాళ్ల వైర్‌లెస్ కీబోర్డును ఈ లినక్స్ గుర్తుపట్టలేదు. ఒక్క అక్షరం కూడా కొట్టడానికి లేదు. వైరున్న మౌస్ మాత్రం కదిలింది.

డిస్క్. ఫోల్డర్. పదకొండు పేర్లు. వాటిని చెరిపేస్తే ఫైలు సైజు చూడగానే బట్టతలకి అనుమానం వస్తుంది. వేరే పేర్లు పెడదామంటే అక్షరాలు లేవు. నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలే ఉంది. కిందకి జరుపుతుంటే ఇంకో ఫైలు కనపడింది: ముఠా డ్యూటీ లిస్టు. మొదటి పేరు బట్టతలదే.

ముఠా పేర్ల మీద రైట్ క్లిక్, కాపీ. పదకొండు పేర్ల మీద రైట్ క్లిక్, పేస్ట్. సేవ్.

డ్రిల్లు పూర్తిగా ఆగిపోయింది.

"పుక్కిలించండి," డెంటిస్ట్ గొంతు వినిపించింది. "ఇంకోసారి. ఇంకొక్కసారి."

సేవ్ అవుతున్నట్టు చూపించే గీత చివర్లో నిలిచిపోయింది. వరండాలో బూట్ల చప్పుడు. గీత కదిలింది, నిండింది. ఆమె లినక్స్ మూసి, కార్డు లాగి, మామూలుగా స్టార్ట్ అయ్యేలా మళ్లీ పవర్ నొక్కి, మాప్ అందుకుంది.

వాపెక్కిన దవడతో బట్టతల లోపలికొచ్చాడు. "మ్మ్... మ్మ్?"

"నేల తడిగా ఉంది సార్, జారతారు."

బట్టతల జాగ్రత్తగా అడుగులేసి వేలు పెట్టాడు. నాలుగు కొట్టింది. తన పేరే మొదట ఉన్న ఫైలును తెరిచి చూడకుండానే పంపేశాడు.

మెట్ల దగ్గర చెవి రింగు పలికింది. "పెన్‌డ్రైవ్ పనిచేసిందన్నమాట."

"లేదు. నేను సర్దుకున్న కార్డు పనిచేసింది. చిప్ నేను చెప్పిన రకమే."

తర్వాత రాబోయే 'నేనలా చెప్పలేదే' ఆమెకు కంఠతా వచ్చు. అంతలో డెంటిస్ట్ అందుకుంది. "నేనూ లైన్లోనే ఉన్నాను సార్. ఆ ఫైల్లో మొదటి పేరు నాదే."

చెవి రింగులో ఆయన దగ్గు వినిపించింది.

"బాక్సు చూడకుండా కాగితం రాశాను. తప్పు నాదే."

"ఇంకా?" అంది గుండుసూది.

"మనింటికి ఎడమలు మూడు. అది కూడా నా తప్పే."