ఎడమ పక్క చోటు

అకెగావా స్టేషన్‌లో ఎవరూ ఎవరికీ తగలరు. తోక్యోకి పడమట, ఏడు రైలు మార్గాలు ఒకచోట ముడిపడే స్టేషన్ అది. ఉదయం పూట ఇసుక వేస్తే రాలనంత జనం. అయినా భుజానికి భుజం రాసుకోదు, గొడుగు కొన ఎవరి మోకాలికీ గుచ్చుకోదు. మూడో లైను బండి తలుపులు తెరుచుకోగానే ఎంతమంది దిగుతారో, ఎదురుగా అంతమందీ వస్తారు, ఒకరి మధ్య నుంచి ఒకరు తేలిగ్గా జారిపోతారు. కొందరైతే కళ్ళు మూసుకుని కునుకు తీస్తూ నడుస్తారు. 2080ల్లో కూడా ఆ ఊళ్ళో నిద్రకు కరువే.

ఇదంతా నేల చేసే పని. కంపెనీ కాగితాల్లో దానికి బారెడు పొడుగు పేరు ఉంది కాని, కనిపెట్టిన మేదిని మాత్రం దాన్ని అడుగెరుక అంటుంది. స్టేషన్‌లో పరిచిన ప్రతి పలక కిందా ప్రెషర్ సెన్సార్లు ఉంటాయి. మనిషి నడక చేతిరాత లాంటిది, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. రోజూ వచ్చేవాళ్ళ నడకలన్నీ నేలకు కంఠతా వచ్చు. ఫలానా మనిషి ఏ బండి దిగి ఏ మెట్ల వైపు పోతాడో ముందే ఊహించి, అతని ముందు మనిషి పట్టేంత చోటు సిద్ధం చేస్తుంది. అందుకోసం చుట్టుపక్కలవాళ్ళ కాళ్ళ కింద పలకలు వెంట్రుకవాసి వాలతాయి. పాదం దానంతట అదే పక్కకు పడుతుంది. మర్యాదగా తప్పుకున్నామనే వాళ్ళనుకుంటారు. స్టేషన్ ఉద్యోగులనైతే నేల పొద్దున్నే వాళ్ళు పెట్టుకున్న ఇయర్‌ఫోన్ ద్వారా చెవిలో పేరు పెట్టి పలకరిస్తుంది కూడా. మేదిని తన వరకు దానికి తెలుగు నేర్పుకుంది.

అందులో ఆమె ప్రత్యేకంగా రాసిన సూత్రం ఒకటుంది. మొదట్లో పసిపిల్లలు నేలకు ఆనేవాళ్ళు కాదు, అంత తేలిక. అప్పుడామె ఇలా రాసింది: జనం ఎవరికైనా దారి ఇస్తున్నారంటే, బరువు తెలియకపోయినా, అక్కడ ఒక మనిషి ఉన్నట్టే లెక్క. దాంతో పిల్లలకు దెబ్బలు తగలడం ఆగిపోయింది. మేదినికి బోలెడు పేరొచ్చింది. ఆ సూత్రం గురించి మళ్ళీ ఎవరూ ఆలోచించలేదు, ఆమెతో సహా.

ఆ తర్వాత ఖాళీలు మొదలయ్యాయి.

ముందుగా చూసింది ప్లాట్‌ఫారాల పర్యవేక్షకుడు కురోదా. కిటకిటలాడే గుంపు మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అది ఒకచోట ఆగి లేదు, నడుస్తోంది. జనం దాని ముందు విడిపోయి దాని వెనక కలుసుకుంటున్నారు. ఎవరూ తల తిప్పి చూడటం లేదు. కురోదా కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, ఆ చోటు ఎవరిదని అడిగాడు. కిందటి నెల గుండెపోటుతో పోయిన ఒక బ్యాంకు ఉద్యోగిదని తేలింది. చలికాలం వచ్చేసరికి అలాంటివి స్టేషన్ నిండా తిరుగుతున్నాయి.

వాటిలో ఒకదాన్ని మేదిని ఎక్కడున్నా గుర్తుపడుతుంది. అది కుంటుతుంది. మూడో లైను బండి దిగి, నడవా మలుపులో వేడి సూపు డబ్బాలు అమ్మే మిషన్ ముందు కాసేపు నిలబడి, ఆరో లైను మెట్ల వైపు వెళ్తుంది. మేదిని భర్త కోదండపాణి ఆరో లైను డిపోలో బ్రేకులు చూసేవాడు. కాలేజీ రోజుల్లో అమలాపురంలో బైకు మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. రోజూ ఆ మిషన్‌లో మొక్కజొన్న సూపు డబ్బా కొని, మూత తియ్యకుండా రెండు చేతులతో పట్టుకునేవాడు. "తాగడానిక్కాదే, చేతులు కాచుకోడానికి. తాగేత్తే నీ టిఫిను మీద నమ్మకం లేదనుకుంటావుగా!" అని ఉడికించేవాడు. అతను పోయి ఏడాది దాటింది.

ఆ ఖాళీని మొదటిసారి చూసినప్పుడు మేదినికి భయం వేయలేదు. సంతోషం వేసింది. ఇంట్లో ఫొటో ముందు రాని ఏడుపు, ఆ మిషన్ ముందు వచ్చింది. ఆ మర్నాటి నుంచి, ఏ బండికి వస్తే అది కనిపిస్తుందో ఆ బండికే రావడం మొదలుపెట్టింది. ఆమె పనిచేసే కంట్రోల్ రూము ఆరో లైను కిందే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నిపుణురాలిగా తన తప్పు వెతకాల్సిన మనిషి, దొంగచాటుగా ఆ తప్పునే చూసుకుంటూ బతికింది.

ఆమెకు ఆ సుఖం ఎక్కువ రోజులు దక్కలేదు. ఒక ఉదయం ఆరో లైను మెట్ల మీదికి ఖాళీలు గుంపుగా వచ్చాయి. లేనివాళ్ళకు దారి ఇస్తూ, ఉన్నవాళ్ళు రెయిలింగుకు ఒత్తుకుపోయారు. ఒక ముసలావిడ చెయ్యి విరిగింది. బుధవారం ఎనిమిదో లైను తెరుస్తారు, జనం ఇంకా పెరుగుతారు, అప్పుడు ఇలా జరిగితే చెయ్యితో పోదు. ఈలోగా ఖాళీలన్నీ తీసెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చింది.

తియ్యడానికి ఒక పద్ధతి ఉంది. జపాన్ రైల్వేలో ఏది తనిఖీ చేసినా దాని వైపు వేలు చూపి, చూసింది పైకి చెప్పాలి. సిగ్నల్ పచ్చగా ఉంటే వేలు చాపి "పచ్చ, యోషి" అనాలి. యోషి అంటే సరే అని. కంటితో చూసి ఊరుకుంటే మనసు మోసం చేస్తుందని, వేలూ నోరూ కూడా కలిస్తేనే చూసినట్టని వాళ్ళ నమ్మకం. చోటు తొలగించడానికీ అదే నియమం పెట్టారు. మనిషి ఎదురుగా నిలబడి, ఖాళీ వైపు వేలు చూపి, "ఎవరూ లేరు, యోషి" అనాలి. అప్పుడే నేల ఆ చోటు వదులుకుంటుంది.

ఆ పని కురోదా మీద పడింది. ప్రతి ఖాళీకీ ముందు నడుం వంచి నమస్కారం పెట్టి, తర్వాత వేలు చూపేవాడు. రోజంతా నడవాల్లో అతని గొంతు వినిపించేది. ఎవరూ లేరు, యోషి. ఎవరూ లేరు, యోషి. చెప్పిన చోటల్లా జనం కలిసిపోయేవాళ్ళు. మర్నాడు పొద్దున్నే వాటిలో సగం మళ్ళీ నడిచి వచ్చేవి.

"ఏటక్కా ఇది, పీకినవన్నీ మళ్ళా మొలుస్తన్నాయి!" అన్నాడు పైడిరాజు కంట్రోల్ రూములో. అతనిది విజయనగరం. నేల పంపే సమాచారాన్ని చదివి అర్థం చెప్పడం అతని ఉద్యోగం.

"ప్రోగ్రాంలో తప్పు ఎక్కడో ఉండిపోయిందంటావా?" అంది మేదిని.

"నానూ అదే అనుకున్నాను. నేల తప్పేటీ లేదు. ఇలా సూడు." తెర మీద బతికున్నవాళ్ళు పచ్చ చుక్కలు, ఖాళీలు తెల్ల సున్నాలు. "మళ్ళా వచ్చిన ప్రతిదాని పక్కనా ఓ పచ్చ చుక్క ఉందా? రోజూ అదే చుక్క. ఈ బ్యాంకాయన పక్కన ఆళ్ళావిడ. ఆవిడ నడుస్తూ పక్కన చోటు ఒదిలేస్తంది. ఒదుల్తన్నట్టు ఆవిడకే తెల్దు. ఆవిడ ఒదిల్తే ఎనకాలోళ్ళూ తప్పుకుంటారు. జనం దారిస్తన్నారు కదాని నేల మనిషున్నట్టే రాసుకుంటంది. నువ్వు రాసిన సూత్రమే అక్కా."

మేదిని తెల్ల సున్నాలను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. ఇన్నాళ్ళూ నేల చనిపోయినవాళ్ళను మరిచిపోలేకపోతోందనుకుంది. నేల ఎప్పుడో మరిచిపోయింది. దానికి రోజూ గుర్తుచేస్తున్నది మనుషులు.

"ఆ మూల ఒకటి కుంటుతోంది. దాని పక్కనెవరు?"

పైడిరాజు చటుక్కున తెర మార్చబోయాడు. "అదా... సిగ్నల్ సరిగ్గా లేదు."

"పైడిరాజూ."

"నువ్వేనక్కా."

"నేను దూరం నుంచి చూస్తానంతే."

"దూరమేటి అక్కా, జానెడు" అన్నాడతను తల వంచుకుని.

బుధవారానికి ముందు రోజు ఉదయం, సూపు మిషన్ దగ్గర కురోదా ఆమె కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. మిగతావాటి కోసం, వాటి పక్కన నడిచేవాళ్ళను ఒప్పించడానికి అతను ఇల్లిల్లూ తిరిగాడు. బ్యాంకు ఉద్యోగి భార్య స్వయంగా వచ్చి, వేలు చూపి, ఆ మాట అని, నడవా మధ్యలో కూలబడింది. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి చెప్పి వెళ్ళారు.

"ఒక్కటే మిగిలింది, మేదిని-సాన్" అన్నాడు జపనీస్‌లో. "నేను చెబితే రేపు తిరిగొస్తుంది. మీరే చెప్పాలి." ఆమె బండి దిగి వస్తున్నప్పటి నుంచీ అతను గమనిస్తున్నాడు. "కాలికి దెబ్బ తగిలిందా?"

"లేదే!" అంది ఆమె చిరాగ్గా. "ఆ మాట నేను అనను, కురోదా-సాన్. అనకుండానే మూసేస్తాను."

ఆమె లెక్క తేలికైనదే. తన ఎడమ పక్క చోటు ఖాళీగా ఉంటేనే కదా గొడవ, తానే అందులో నడిస్తే సరి. పాణి లేడని అనక్కర్లేదు, ఎవరూ రెయిలింగుకు ఒత్తుకుపోరు. మూడో లైను నుంచి ఇంకో బండి జనం వచ్చారు. మేదిని వాళ్ళతో కలిసి నడుస్తూ ఎడమవైపుకు ఒక్క అడుగు జరిగి, అతని చోటులో నిలిచింది.

ఖాళీ నిండిపోయింది. ఆమె గుండెల మీది బరువు దిగింది. నాలుగడుగులు వేసింది.

ఐదో అడుగుకు కుడిపక్క జనం విడిపోయారు.

అక్కడొక ఖాళీ నడుస్తోంది. పొట్టి అడుగులు, తొందర తొందరగా. కాస్త ముందుకు పోతుంది, ఠక్కున ఆగుతుంది, పక్కవాళ్ళు అందుకునేదాకా నిలబడుతుంది, మళ్ళీ ముందుకు పోతుంది. ఆమె చెవిలో నేల మెత్తగా పలికింది.

"శుభోదయం, పాణి గారూ. చాలా రోజులైంది. మేదిని గారు మీ కుడిపక్కనే ఉన్నారు. ఆమె చోటు ఖాళీ అయితే, వేలు చూపి చెప్పండి."

మేదిని తన కాళ్ళ వైపు చూసుకుంది. నేల నడకను బట్టే మనిషిని పోలుస్తుంది. ఇన్నాళ్ళూ ఒక కుంటి నడక పక్కన నడిచి నడిచి, ఆమె కాళ్ళు ఆ నడకే నేర్చుకున్నాయి. అతని చోటులో అతని నడకతో నడుస్తున్న మనిషి అతను కాక ఇంకెవరు? అతను వస్తే పక్కన ఆమె ఉండాలి కదా. నేల ఉంచింది.

కుడిపక్క ఖాళీ మళ్ళీ ముందుకు ఉరికి, ఆగి, నిలబడింది. తను ఇలా నడిచేదా? ఇంత తొందరపడేదా, ప్రతి నాలుగడుగులకూ ఇలా ఆగి చూసేదా? పెళ్ళయిన నాటి నుంచి పోయేదాకా పాణి రోజూ చూసింది దీన్నే. ఆమెకు తన మీద జాలేసింది. ఆ ఖాళీ అక్కడ నిలబడి ఎదురుచూస్తోంది. పాణి కోసం కాదు, తను తిరిగి అందులోకి రావడం కోసమేనని ఆమెకు అర్థమైంది.

వెనక కురోదా ఆ కొత్త ఖాళీని చూశాడు. అదెవరిదో తెలియక, అలవాటు కొద్దీ వంగి నమస్కారం పెట్టి, వేలు ఎత్తబోయాడు.

"వద్దు!" అని తెలుగులోనే అరిచింది మేదిని. కురోదా చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఆమె కుడివైపుకు ఒక్క అడుగు జరిగి తన చోటులోకి వచ్చింది. ఎడమపక్క జనం విడిపోయారు. సూపు మిషన్ ముందు, ఒక మనిషి పట్టేంత వెలితి. మేదిని వంగి నమస్కారం పెట్టింది. వేలు చాపింది.

"ఎవరూ లేరు" అంది. వేలు దించకుండానే, "యోషి" అంది.

జనం కలిసిపోయారు. వెంటనే ఎవరి భుజమో ఆమె ఎడమ భుజానికి గట్టిగా తగిలింది. అకెగావాలో ఎవరూ ఎవరికీ తగలరు కనుక ఆ కుర్రాడు కంగారుపడి, పదే పదే క్షమాపణ చెప్పి, గుంపులో కలిసిపోయాడు. ఆమె భుజం పట్టుకుని, ఏడుస్తూ, ఆరో లైను మెట్ల వైపు నడిచింది. ఎడమపక్క కొత్తవాళ్ళెవరో నడుస్తున్నారు. ఖాళీ ఎక్కడా లేదు.

మెట్ల దగ్గర నేల చెవిలో పలకరించింది.

"శుభోదయం, మేదిని గారూ. కుడికాలు నొప్పిగా ఉందా?"

ఆమె రెయిలింగు పట్టుకుని, కుంటుకుంటూ మెట్లు దిగింది.