నాన్న గోల్ఫు కర్ర

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏడు కాకముందే ఎండ తెల్లబడి కళ్ళలో గుచ్చుకుంటోంది. కాకులు కూడా గోడవార నీడకి చేరాయి.

హోటల్ వరండాలో ఒక డిటెక్టివ్, ఆయన సహాయకుడు కాఫీ తాగుతున్నారు. డిటెక్టివ్‌ని అందరూ నిదానం గారంటారు. మాటా నిదానమే, నడకా నిదానమే. ఏ కేసూ లేకుండా పదిరోజులు పడుకుందామని వచ్చాడు. సహాయకుడు ఒకప్పటి లెక్కల మాస్టారు. నిదానం గారు ఆవులించినా అందులో ఏదో అంతరార్థం ఉంటుందని ఆయన నమ్మకం.

గోల్ఫు మైదానంలో ఆటగాళ్ళ బ్యాగులు మోసే తాత టోపీ నలుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, మీరు దొంగల్ని పట్టుకుంటారట. నేను దొంగని కానని కూడా చెప్పగలరా?"

"కూర్చోండి. ఏం పోయింది?"

"ఇక్కడికి నాలుగు రోజుల కిందట అన్నదమ్ములు ఆడటానికొచ్చారండి. బంతిని గుంటలోకి నెట్టే కర్రొకటి, వాళ్ళ నాన్నగారిది. ఏటా చివరి రోజు పందెం వేసుకుంటారట, గెలిచినవాడు ఇంటికి తీసుకెళ్తాడు. ఆ పందెం ఇవాళే. పొద్దున చూస్తే కర్ర లేదు. బ్యాగుల గది తాళం నా దగ్గరుంటుంది. మధ్యాహ్నంలోగా దొరక్కపోతే బ్యాడ్జి ఇచ్చేసి పొమ్మన్నాడు మేనేజరు. ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను. ఈ వయసులో ఇంకెవరు రానిస్తారు?"

"గది ఎప్పుడు తీశారు?"

"అయిదున్నరకి. ముందు పళ్ళ డాక్టరుగారు వచ్చారు, అన్నగారు. నేను సీసాలకి నీళ్ళు పట్టుకొచ్చేసరికి ఆయన బ్యాగు లాక్కుని వెళ్ళిపోయారు. ఆరింటికి తమ్ముడుగారు వచ్చి కర్రేదన్నారు."

నిదానం గారు కప్పు పక్కన పెట్టాడు. "లేవండి మాస్టారూ. మన నిద్ర అయిపోయింది."

తమ్ముడు మైదానం మధ్యలో ఉన్నాడు. రాత్రంతా నీళ్ళు పెట్టిన గడ్డి. అతని దగ్గరికి చేరేలోపే మాస్టారి బూట్లు తడిసి, గడ్డి ముక్కలు అంటుకున్నాయి.

తమ్ముడు ఎడమచేతి గ్లౌజు తీసి నుదురు తుడుచుకున్నాడు. కుడిచెయ్యి కమిలి నల్లబడింది, ఎడమచెయ్యి మణికట్టు దాకా తెల్లగా ఉంది. జేబులోంచి ఒక నోటుబుక్కు తీశాడు.

"ఆస్పత్రి మంచం మీద ఆర్నెల్లు పడుకుని రాశానండి దీన్ని. ఏ రోజు ఎక్కడ ఆడాలి, ఎన్ని టోపీలు, ఎన్ని నీళ్ళ సీసాలు, అన్నీ. అన్నయ్యతో ఇంకొక్కసారి ఆడాలనే లేచి కూర్చున్నాను."

"నాలుగు రోజులూ కలిసే ఆడారా?"

"లేదండి. నేను ఎనిమిదింటికి గాని లేవను. అన్నయ్య చీకటితోనే ఒక్కడే వెళ్ళి సాధన చేసుకుంటాడు, నేను వచ్చేసరికి అలిసిపోయానని గదికి వెళ్ళిపోతాడు. ఇవాళ ఆత్రం కొద్దీ ఆరింటికే లేచాను."

డాక్టరు గదిలో నొప్పుల మందు వాసన. ఆయన కాఫీ కప్పుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ ఒకే రంగు. మంచం పక్కన బూట్ల మీద ఎర్రదుమ్ము, అడుగులు పొడిగా ఉన్నాయి.

"పొద్దున నేరుగా మూడో గుంట దాకా ఆడుకుంటూ వెళ్ళాను. కర్ర సంగతి నాకు తెలీదు," అన్నాడు.

"రోజూ ఆడుతున్నారా?"

"రోజూ."

"అలిసిపోలేదూ?"

"ఈ వయసులో అలసటే కదండీ మిగిలేది."

చివరగా బ్యాగుల గది చూశారు. అద్దెకిచ్చే బ్యాగులన్నీ వరసగా, దుమ్ము పట్టి ఉన్నాయి. ఒక్కదాని మూత మీద మాత్రం దుమ్ము చెదిరింది. నిదానం గారు లోపలికి తొంగిచూసి మూసేశాడు.

"ఇదెవరికిస్తారు?"

"ఎడమచేతి వాటం వాళ్ళకండి. రెండేళ్ళుగా అడిగినవాళ్ళు లేరు."

మధ్యాహ్నం భోజనాల గదిలో అందరూ చేరారు. మేనేజరు బ్యాడ్జి కోసం చెయ్యి చాపాడు. తాత పిన్ను తీయబోయాడు.

"ఉంచుకోండి," అన్నాడు నిదానం గారు. "కర్ర ఎడమచేతి వాటం బ్యాగులో ఉంది. ఏ దొంగా దాన్ని అక్కడ వదిలి పోడు. పందెం ఆగాలనుకున్నవాడే అలా దాస్తాడు. పొద్దున గడ్డి మీద నడిచిన ప్రతి బూటూ తడిసింది. డాక్టరుగారి బూట్లకి దారి దుమ్మే ఉంది. నాలుగు రోజులు ఈ ఎండలో ఆడితే గ్లౌజున్న చెయ్యి తెల్లగా ఉండాలి. మీ చేతులు రెండూ ఒకటే, డాక్టరుగారూ. మీరొక్క దెబ్బ కూడా కొట్టలేదు. రోజూ ఎక్కడ కూర్చునేవారు?"

డాక్టరు రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "మూడో గుంట దగ్గర, దారి పక్క బెంచీ మీద," అన్నాడు. "వేళ్ళు ముడుచుకోవట్లేదు. కర్ర పట్టుకుంటే జారిపోతోంది."

"ఒక్క మాట చెప్తే ఏం పోయేది అన్నయ్యా?"

"ఆ పుస్తకం రాస్తున్నప్పుడు నీ మొహం చూశాన్రా. ఎలా చెప్పను?"

"తమ్ముడికి చెప్పలేకపోయారు, సరే," అన్నాడు నిదానం గారు. "మరి ఈయన బ్యాడ్జి?"

డాక్టరు లేచి తాత ఎదుట నిలబడ్డాడు. "కర్ర కనపడకపోతే ఆట ఆగుతుందనుకున్నాను. నీ మీదికి వస్తుందని తోచలేదు. తోచాక నోరు రాలేదు. తప్పు నాది."

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు బాబూ," అన్నాడు తాత. బ్యాడ్జి పిన్ను మళ్ళీ నొక్కి పెట్టుకున్నాడు.

మేనేజరు చాపిన చెయ్యి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. తమ్ముడు బల్ల మీదున్న నోటుబుక్కు మూసి, తన పక్క కుర్చీ లాగి తాతని కూర్చోబెట్టాడు.

భోజనం వచ్చింది. అన్న ప్లేటు తన ముందుకు జరుపుకుని తమ్ముడు రొట్టె చిన్న చిన్న ముక్కలు చేశాడు. చెంచా అన్న అరచేతికి అందేలా పెట్టి ప్లేటు వెనక్కి జరిపాడు. మాస్టారు ఏదో మెచ్చుకోలు మాట అనబోతే నిదానం గారు నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టాడు.

అయిదుగురూ తల వంచుకుని తిన్నారు.