సౌండ్ పెంచు తల్లీ!

"ఆయన ఈ గడప తొక్కడానికి వీల్లేదు. నువ్వు వెయ్యిసార్లు అడిగినా నా జవాబు ఇదే!"

అక్క కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే ఆ మాట అంది. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి ముఖం పాలిపోయింది. మేడ మెట్లు ఎక్కినందుకే ఆమెకి ఆయాసం ఆగడం లేదు. ఒక చేత్తో పొట్ట అదిమి పట్టుకుంది. రెండో చేతిలో తండ్రి బట్టల సంచి ఉంది. వచ్చే సోమవారం ఆమెకి ఆపరేషన్. కడుపులో గడ్డ తీస్తారు. ఆరు వారాల పాటు బరువు ఎత్తకూడదు, మనిషిని లేపి కూర్చోబెట్టే పని అసలే చెయ్యకూడదు అని డాక్టరు ఖండితంగా చెప్పారు. పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లి మాట తలపెట్టకుండా, తల్లి పోయిన ఈ రెండేళ్లూ మతి తప్పిన తండ్రిని ఒంటిచేత్తో సాకిన పిల్ల... ఈ రోజు తోడబుట్టిన దాని గుమ్మంలో అప్పు అడగొచ్చిన మనిషిలా నిలబడింది!

"ఆరు వారాలే కదే అక్కా! జన్మంతా ఉంచుకోమన్నానా? నాన్న కింద గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు, ఎవరో దారినపోయే వాడిలా..."

"కూర్చోనీ."

"నీకసలు గుండె ఉందా?"

అక్క ఎవరిదో ప్యాంటు కాలు మిషన్ కిందకి తోసి పెడల్ తొక్కింది. బట్టలు పొడుగు తగ్గించడం, వదులు చెయ్యడం, చిరుగులు అతకడం ఆమె పని. ఆ చప్పుడుతో గది నిండిపోయింది. చెల్లెలు ఇంకా ఏదో అంటూనే ఉంది, ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"మిషన్ ఆపవే! నేను మాట్లాడుతున్నాను!"

లోపలి గదిలోంచి బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్ అతను. సెలవు రోజున కూడా గోళ్ల సందున నలుపు వదలదు. "ఏం మరదలు పిల్లా, వస్తూనే మొదలా? కాసిని మంచినీళ్లు తాగి కొట్టుకుంటే ఇద్దరికీ బలం ఉంటుంది కదా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. భార్య ముఖంలోకి ఒకసారి చూసి, "నేను వెళ్లి మామయ్య దగ్గర కూర్చుంటాను" అని మెల్లగా మెట్లు దిగిపోయాడు. మామగారిని ఇంటికి ఎందుకు రానివ్వదో పెళ్లైన పద్నాలుగేళ్లలో అతను ఒకే ఒక్కసారి అడిగాడు. "అడగొద్దు" అంది ఆమె. మళ్లీ అడగలేదు.

అతను దిగుతుంటే చెల్లెలు వచ్చిన అద్దె కారు డ్రైవరు ఎదురొచ్చాడు. రొప్పుతూ ఒక పాత డబ్బా టీవీని తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని చూడగానే అక్క పాదం పెడల్ మీద ఆగిపోయింది. చెక్క పెట్టె, పక్కకి జరిగే రెండు తలుపులు, వాటిలో ఒకదాని మూల ఎలుక కొరికిన గాటు... అన్నీ అలాగే ఉన్నాయి. సౌండ్ మీట ఉండాల్సిన చోట తెల్లటి పేస్టు ట్యూబు మూత కూడా!

"గుర్తుపట్టావా?" చెల్లెలి గొంతు కాస్త మెత్తబడింది. "బాగు చేయించాను. దీన్ని చూస్తేనైనా నీ మనసు కరుగుతుందని! వీధిలో మొదటి టీవీ మనదే కదే... ఎంతమంది వచ్చేవాళ్లు! నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని 'మా చిన్నదానికి కనపడటం లేదు, జరగండర్రా' అనేవాడు. పాటలొచ్చే రోజు నేను తెరకి ముక్కు ఆనించి కూర్చుంటే నువ్వు నా పక్కనే మీట మీద చెయ్యేసి కాపలా! అమ్మేమో వంటింట్లోంచి 'సౌండ్ పెంచు తల్లీ!' అని కేక... పాటలంటే ఎంత పిచ్చి అమ్మకి! పని చేసుకుంటూ కూడా ఒక్క ముక్క పోకుండా వినాలి! పక్కింటావిడ వచ్చి చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టిపోసినా నవ్వేసి ఊరుకునేది."

"ఆపు" అంది అక్క.

"ఎందుకు ఆపాలి? అంత సంతోషంగా ఉన్న ఇంటిని నువ్వే తుడిచేసుకున్నావు. నీ ఇంట్లో టీవీ కూడా పెట్టనివ్వవు, నీ పిల్లలు పక్కవాళ్ల కిటికీలో తొంగి చూస్తారు! అమ్మ పోయిన రోజున కూడా నాన్న మొహం చూడలేదు నువ్వు. నువ్వు పెళ్లి చేసుకుని హాయిగా తప్పించుకున్నావు. ఆయన మలమూత్రాలు ఎత్తింది నేను! ఆయనకి చప్పుడు పడదని ఇంట్లో టీవీ మూగగా పెట్టుకుని బొమ్మలు చూసింది నేను! నాకు గడ్డ వస్తే కూడా నీకు..." మాట పూర్తి కాలేదు. కళ్ల నీళ్లు తుడుచుకుని, పంతంగా వెళ్లి టీవీ తీగని గోడకి తగిలించింది.

"వద్దు! దాన్ని ముట్టుకోకు చిన్నీ!"

"ముట్టుకుంటాను! మన ఇల్లు ఎలా ఉండేదో నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు!" తెర మీద బొమ్మేదీ రాలేదు, తెల్లటి చుక్కలు ముసురుకున్నాయి. ఎత్తిపొడుపుగా, అచ్చం తల్లి గొంతుతో, "సౌండ్ పెంచు తల్లీ!" అంటూ ఆమె పేస్టు మూతని చివరిదాకా తిప్పింది.

గర్రుమన్న హోరు గదిలోంచి కిటికీ దాటి వీధిలోకి పోయింది. అక్క చెవులు మూసుకుంది. మెట్ల మీద చేతికర్ర టకటకమన్నది ఇద్దరికీ వినపడలేదు. బావ "మామయ్యా! ఆగండి మామయ్యా!" అంటున్నది కూడా వినపడలేదు. చెల్లెలు తలెత్తేసరికి ఎదురుగా తండ్రి! రెండేళ్లుగా ఎవరో అన్నం కలిపి పెడితే తప్ప తినని మనిషి, ఆమెని 'అమ్మా' అని తప్ప పిలవని మనిషి... కళ్లలో నిప్పులు! పెద్దయ్యాక అచ్చం తల్లి పోలిక వచ్చేసిన చెల్లెలి ముఖంలోకి చూస్తూ పళ్లు కొరికాడు.

"కట్టెయ్! దాన్ని పెంచితే ఎవరికీ వినపడదనుకుంటున్నావా? ఎంత పెంచితే మాత్రం నా చేతి దెబ్బ తప్పుతుందా నీకు? మీట పీకి పారేసినా సిగ్గు రాలేదా!"

కర్ర లేచింది. చెల్లెలు కదల్లేదు. ఆ కర్ర తన మీదికే వస్తోందని ఆమెకి ఊహే లేదు. అక్క మాత్రం కుర్చీ తన్నేసి ఒక్క అంగలో మధ్యలోకి వచ్చింది. దెబ్బ ఆమె ముంజేతి మీద పడింది. రెండో దెబ్బ పడకముందే బావ వెనకనుంచి కర్ర పట్టేశాడు. అక్క టీవీ తీగ లాగేసింది. ఆ నిశ్శబ్దంలో ముసలాయన ముఖం నెమ్మదిగా ఖాళీ అయిపోయింది. "ఎవరమ్మా మీరంతా? మా ఆవిడ ఏది?" అని అమాయకంగా అడిగాడు.

బావ ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి కిందకి తీసుకుపోయాడు.

చెల్లెలు అక్క వైపు తిరిగింది. "అక్కా... నాన్న ఎవరితో మాట్లాడాడు?"

అక్క నేల మీద కూర్చుని ఉంది. ముంజేతి మీద వాపు తేలుతోంది. "అమ్మతో" అంది. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు కడుపులో దాచుకున్నది, అరవకుండా, ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఆయన వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంటే అమ్మ నన్ను కేకేసేది. మొదటి దెబ్బకి ముందే కేకెయ్యాలి, తర్వాతైతే గొంతు మారిపోతుంది కదా! నవ్వుతున్నట్టు పిలిచేది. నాకు పన్నెండు, నీకు నాలుగు. 'చిన్నదాని చెవులు నీవి తల్లీ' అని నాకు అప్పగించింది. నేను పెంచేదాన్ని. అమ్మ మూలుగు వినపడితే ఇంకా పెంచేదాన్ని. ఒకరోజు ఆయన వచ్చి మీట పీకి కిటికీలోంచి విసిరేశాడు. మర్నాడు పొద్దున్న అమ్మ పేస్టు మూత తెచ్చి అంటించింది. ఎడమచేత్తో... కుడిచెయ్యి విరిగింది కదా! మెట్ల మీంచి పడ్డానని అందరికీ చెప్పింది."

"ఆ మూత నాన్న సరదాకి పెట్టాడనుకున్నాను!" చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుంది. "నాకెందుకు చెప్పలేదే? ఇన్నేళ్లు నిన్ను రాయి అన్నాను, రాక్షసి అన్నాను... ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. 'ఇద్దరిలో ఒకరికైనా మంచి నాన్న ఉండనీ' అంది. నిజంగానే నిన్ను ఎత్తుకుని తిప్పాడు కదే ఆయన, అది అబద్ధం కాదు." అక్క గొంతు మొదటిసారి తడబడింది. "నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు చిన్నీ. పక్కింటావిడ తిట్టడానికి వచ్చేదన్నావే... అలా వచ్చిన ఒకరోజునే అమ్మ చెయ్యి విరిగింది. నేను సౌండ్ తగ్గించి ఉంటే ఆవిడకి వినపడేది. ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. నేనే... నా చేత్తో నేనే పెంచాను!"

"పన్నెండేళ్ల పిల్లవే అక్కా! పన్నెండేళ్లు!" చెల్లెలు పొట్టలో నొప్పి మరిచి నేల మీదికి జారి అక్కని వాటేసుకుంది. ఆ వాచిన చేతిని, మీట తిప్పిన ఆ వేళ్లని, చెంపకి ఆనించుకుంది. "నా చిన్నతనమంతా నీ చేతుల్లోనే పెరిగిందన్నమాట... నాకే తెలీలేదు!"

చెల్లెలు తలెత్తి చిన్న గొంతుతో అడిగింది: "మరి ఇప్పుడు ఆయన్ని నేనేం చెయ్యను? నాకైతే మంచి నాన్నే కదే..."

"అలాగే చూసుకో. నీ నాన్నని నీ దగ్గరనుంచి నేను లాక్కోను. కానీ నన్ను క్షమించమని మాత్రం అడక్కు. నా వల్ల కాదు."

ఆమె అడగలేదు.

మామగారిని కారులో డ్రైవరుకి అప్పజెప్పి వచ్చిన బావ గుమ్మంలో గొంతు సవరించుకున్నాడు. ఎంతసేపటినుంచి అక్కడున్నాడో, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. భార్య వైపు చూడటానికి ధైర్యం చాలక మరదలితో అన్నాడు: "చూడు మరదలు పిల్లా, ఇవాళ్టినుంచి ఆపరేషన్ అయ్యి కోలుకునేదాకా నువ్వు ఇక్కడే ఉంటావు, మీ అక్క దగ్గర. అన్నాళ్లూ నేను మీ ఇంట్లో మామయ్య దగ్గర ఉంటాను. నేను డిపోకి వెళ్లినప్పుడు కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషిని పెడదాం. నా వంట తింటే ఆయనకి కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగలదు."

ఈసారి చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. అక్క నవ్వలేదు. లేచి వెళ్లి భర్త చొక్కా చేతిని ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది.

కింద కారు తలుపు పడింది. బావ ముసలాయన్ని ఎక్కించుకుని బయల్దేరుతున్నాడు. కిటికీలోంచి చూడటానికి చెల్లెలు వెళ్లింది, అక్క వెళ్లలేదు. బల్ల దగ్గర నిలబడి టీవీ చెక్క తలుపులు రెండూ దగ్గరికి లాగబోయి ఆగింది.

"అక్కా" వెనక్కి తిరగకుండానే అడిగింది చెల్లెలు, "అసలు అమ్మకి పాటలంటే ఇష్టమేనా? అదైనా నిజమా?"

ఎన్నేళ్లనుంచో ఆ వైపు చూడని మనిషి, జ్ఞాపకంలో తడుముకున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "నిజమే చిన్నీ. ఆయన ఊళ్లో లేని రోజున, నువ్వు ఒళ్లో నిద్రపోయాక, పాటలు పెట్టుకునేది. టీవీకి చెవి ఆనించి వినేది... చాలా చిన్నగా. పక్కన కూర్చున్న నాకు కూడా వినపడనంత చిన్నగా."

అలా చెబుతూ ఆమె పేస్టు మూతని వేలి కొసలతో పట్టుకుని, చివరిదాకా వెనక్కి తిప్పేసింది.