వనజ లైన్

నాకు అరబిక్ రాదు. ఈ ముక్క ఇంతవరకూ ఏ భాషలోనూ ఎవరూ నమ్మేలా చెప్పలేకపోయాను.

అమ్మాన్ నగరంలో నేను చదువుతున్న ఇన్‌స్టిట్యూట్ గోడమీద నా ఫొటో ఉంది. దాని కింద అరబిక్‌లో రెండు వరుసలు రాసి ఉన్నాయి. "వనజాక్షి, ఎనిమిది నెలల్లో ఎనభై మూడు మార్కులు, యంత్రం సాయం లేకుండా" అని వాటి అర్థమట. ఎవరో పైకి చదువుతుంటే విని తెలుసుకున్నాను.

మాది రాయచోటి. డిగ్రీ లేదు. కుట్టుమిషన్ రిపేరు, సెల్‌ఫోన్ సర్క్యూట్లు, టైపింగు, ఏది కంటపడితే అది నా అంతట నేనే మొదలుపెట్టి, సగం వచ్చాక ఇంకోదాని మీదికి దూకే రకం. అరబిక్ మాత్రం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మ పదకొండేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో పనిచేసి వచ్చింది. రొట్టెలు కాలుస్తూ మాటలు చెప్పేది, నేను నోటుబుక్కులో తెలుగులో రాసుకునేదాన్ని. రూహ్ అంటే పో. జీబ్ అంటే తే. సక్కర్ అంటే మూసెయ్. నాలుగు వందల మాటలయ్యాయి. వాటితోనే 2049లో ఈ స్కీముకి దరఖాస్తు పెట్టాను. పొద్దున అరబిక్ క్లాసు, మధ్యాహ్నం నుంచి ఉద్యోగ శిక్షణ, ఏడాదికి వీసా. నాకు గొంతుపట్టీలు తయారుచేసే ల్యాబ్‌లో శిక్షణ పడింది.

గొంతుపట్టీ అంటే మరేం లేదు, అరంగుళం వెడల్పున్న మెత్తటి ప్లాస్టర్ లాంటిది. మనం ఒక మాట అనాలనుకోగానే, పైకి అనకముందే గొంతు కండరాలు కాస్త కదులుతాయి. పట్టీ ఆ కదలికను పట్టుకుని, మనం ఏం చెప్పబోతున్నామో లెక్కగట్టి, సన్నటి కరెంటు పల్స్‌లతో అవే కండరాలను అరబిక్ మాటకు తగినట్టు కదిలిస్తుంది. మనసులో తెలుగు, నోట్లోంచి అరబిక్, గొంతు మాత్రం మనదే. ఎదుటివాళ్ళ మాట ఎముక గుండా చెవికి తెలుగులో అందుతుంది. పెట్టుకున్నవాళ్ళకు మెడమీద చీమ పాకినట్టుంటుంది, అంతే.

దాన్ని ఆసుపత్రి నర్సులకు ఇవ్వాలని ల్యాబ్ ఆలోచన. ఆరోగ్య బోర్డువాళ్ళు ఒక ప్రశ్న వేశారు. మామూలుగా నేర్చుకున్న మనిషి కంటే ఈ పట్టీ ఎంత మేలు? అది తేలాలంటే పట్టీ లేకుండా నేర్చుకునేవాళ్ళు కొందరు కావాలి. పరిశోధనలో దాన్ని కంట్రోల్ గ్రూపు అంటారు. స్కీములో వచ్చిన పన్నెండు మందిమి ఆ గ్రూపు. అందులో నేనొకదాన్ని. నరసాపురం నుంచి నర్సుగా వచ్చిన ఎస్తేరక్క ఇంకొకతె. ఆమెది ఆసుపత్రి హాస్టలు, నాది ఇన్‌స్టిట్యూట్ గది. క్లాసులో మాత్రం పక్కపక్క కుర్చీలు.

మొదటి రోజు ఉమ్ నబీల్ అనే రిటైరైన టీచరమ్మ మాతో ఒక్కొక్కరితో అరగంట మాట్లాడింది. నెలనెలా మార్కులు వేసేది ఆమే. నా ముందు టీ గ్లాసు పెట్టింది. మర్యాదగా ఏదో అనాలని వెతుక్కున్నాను. నాకు వచ్చినవన్నీ పో, తే, కడుగు, తొందరగా. అమ్మ చెవిన పదకొండేళ్ళు పడినవి అవే మరి. "కూర్చో" అన్నాను ఆ పెద్దావిడని, అప్పటికే కూర్చునుంది. ఆమె నవ్వలేదు. ఎవరు నేర్పారని ట్యాబ్‌లెట్ మీద తెలుగులోకి మార్చి అడిగింది. మా అమ్మ అన్నాను. అమ్మ అక్కడ ఏం చేసేదని అడిగితే స్కూల్లో టీచరు అన్నాను. ఆమె కాసేపు నా వైపు చూసి కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ చూపులో జాలి ఉంది. తిట్టినా పోయేది.

ల్యాబ్‌లో నా పని పాడైన పట్టీలను పోగుచేసి, తుడిచి, నంబరు రాసి డబ్బాలో వెయ్యడం. రెండో వారం ఒకటి చేతికి తగిలింది. పైన చార్జింగ్ పిన్ను వంగింది, అంతకుమించి రోగం లేదు. సెల్‌ఫోన్లు విప్పిన చెయ్యి కదా, పది నిమిషాల పని. అప్పుడు అమ్మాన్‌లో చలి ముదిరింది. మెడకు మఫ్లర్ చుట్టుకుంటే ఎవరూ ఎందుకని అడగరు.

ఒక్కరోజు చూద్దామనుకున్నాను. గ్యాస్ సిలిండర్లు అమ్మే బండి రోజూలాగే పాట పెట్టుకుని కొండమీదికి ఎక్కుతోంది. దాని డ్రైవరుని ఆపి, మీ పాట మార్చరా, రోజూ ఇదేనా అన్నాను. నా నోట అరబిక్ గలగలా పారింది. అతను పగలబడి నవ్వి, ఏ ఊరమ్మా మీది, మాట చూస్తే మా పక్క వీధే అనిపిస్తోంది అన్నాడు. ఆ తర్వాత మెడకు పట్టీ లేకుండా గది దాటలేదు. చలి పోయాక మఫ్లర్ బదులు చున్నీ చుట్టుకున్నాను, అంతే.

మార్కులు పెరిగాయి. ముప్పై, నలభై తొమ్మిది, అరవై ఆరు. పాఠం వినడం మానేశాను, అక్షరాలు కూడా సరిగ్గా నేర్చుకోలేదు.

ఎస్తేరక్క మాత్రం ఒళ్ళు వంచి నేర్చుకుంది. ముసలి రోగుల పక్కన కూర్చుని, వాళ్ళ మనవల పేర్లు బట్టీపట్టి, తప్పో ఒప్పో మాట్లాడేది. ఒకరోజు సంబరంగా చెప్పింది. ఇక్కడ పెద్దావిడల్ని పేరుపెట్టి పిలవరంట, పెద్దకొడుకు పేరు చెప్పి వాడి అమ్మా అంటారంట. "మన చిట్టిబాబు అమ్మా అన్నట్టే కదే. నలభై రోజుల్నించి ఆవిడ నాతో మాట్లాడట్లేదే అని ఏడుస్తున్నా. ఇవాళ అలా పిలిచేసరికి చెయ్యి పట్టుకుని వదల్లేదు." నర్సుల్లో ఫలానా మనిషే కావాలని రోగులు అడిగేది ఆమెనొక్కదాన్నే. ఉమ్ నబీల్ పరీక్షలో మాత్రం మాట తడుముకునేది. ఎనిమిదో నెలలో ఆమెకు వచ్చినవి యాభై ఎనిమిది.

ల్యాబ్ పెద్ద డాక్టర్ లుబ్నా గ్రాఫు గీసింది. పట్టీ పెట్టుకున్నవాళ్ళ గీత, నా గీత దాదాపు ఒకదానిమీద ఒకటి. డిగ్రీ లేని అమ్మాయి మామూలు పద్ధతిలో యంత్రంతో సమానంగా నిలిచిందని ఆవిడ తన కష్టం పోయినా నిజాయితీగా బోర్డుకి రాసి పంపింది. బోర్డువాళ్ళు రెండు నిర్ణయాలు చేశారు. మనుషులకే ఇంత చేతనైతే నర్సులకు పట్టీ అక్కర్లేదు. ఎనిమిది నెలల్లో నా గీతకు దగ్గరగా, అంటే కనీసం డెబ్బై ఐదుకు రాని నర్సుని తిప్పి పంపాలి, ఐదేళ్ళు వీసా ఇవ్వకూడదు. కాగితాల్లో దానికి పెట్టిన పేరు వనజ లైన్.

యంత్రాన్ని మనిషితో కొలవడానికి నన్ను తెచ్చారు. చివరికి మనుషుల్ని యంత్రంతో కొలవడం మొదలైంది. ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

ఎస్తేరక్కకు మళ్ళీ పరీక్షకు కూర్చోవడానికి మూడు వారాలు ఇచ్చారు. ఊళ్ళో పదిహేనేళ్ళ ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చిన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు. తిరిగి వెళ్తే ఆ కుర్చీ ఉండదు. నా దగ్గరకు కొత్త నోటుబుక్కు పట్టుకుని వచ్చింది.

"నీకంటే పెద్దదాన్ని, అయినా సిగ్గుపడట్లేదు. ఎలా నేర్చుకున్నావో ఉన్నదున్నట్టు చెప్పవే తల్లీ. నువ్వు చేసినట్టే చేస్తా."

రేడియో వార్తలు విని వెంటనే పైకి అనమన్నాను. రోజుకు నలభై మాటలు రాసి గోడకు అంటించమన్నాను. తెలుగులో ఆలోచించడం మానెయ్యమన్నాను. నోటికొచ్చినట్టు చెబుతుంటే ఆమె నంబర్లు వేసుకుని రాసుకుంది. రోగులతో కబుర్లు తగ్గించమని కూడా అన్నాను, టైమ్ వృథా అని. ఆమెకు భాష వచ్చేది సరిగ్గా అక్కడే. నేను చెప్పిందల్లా చేసింది. రెండోసారి యాభై ఒకటి వచ్చాయి.

ఆదివారం విమానం అని తెలిసిన రోజు మధ్యాహ్నం డాక్టర్ లుబ్నా గదికి వెళ్ళాను. చున్నీ తీసి, పట్టీ ఊడదీసి, టేబుల్ మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, డబ్బాలో వెయ్యమన్నట్టు చెయ్యి చూపించింది. పాడైన పట్టీలు తేవడం రోజూ నేను చేసే పనే కదా.

పట్టీ లేని గొంతుతో చెప్పాలనుకున్నాను. నా దగ్గరున్నవి అమ్మ మాటలు.

"షూఫ్," అన్నాను. చూడు. "ఇస్మా." విను. "అనా మాఫీ అరబీ."

నాకు అరబిక్ లేదు అని. డాక్టర్ లుబ్నా పెన్ను కింద పెట్టి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఏదో పొడుగ్గా అంది. అందులో ఇల్లు, పని, ఆమె అనే మూడు మాటలు నాకు తెలుసు. వాళ్ళింట్లో పనిచేసిన ఆమె అచ్చం ఇలాగే మాట్లాడేదన్నమాట. నేను వేళాకోళానికి ఆమెలా మాట్లాడుతున్నాననుకుంది. భలే దించావన్నట్టు చప్పట్లు కొట్టింది.

మా అమ్మ గొంతు అది. ఆ గదిలో దాన్ని చూసి నవ్వుతుంటే నేనూ నవ్వాను. పట్టీ తీసుకుని బయటికొచ్చి, మళ్ళీ మెడకు అంటించుకున్నాను.

ఇవాళ శుక్రవారం, సెలవు. పట్టీతోనే వెళ్ళి చెప్పొచ్చు కదా అని పొద్దుట్నించీ అనుకుంటున్నాను. అంత చక్కటి అరబిక్‌లో నాకు అరబిక్ రాదంటే ఎవరు నమ్ముతారు? ఉత్తరం ఇచ్చినా, ట్యాబ్‌లెట్ మీద చూపినా, అది నా మాటో యంత్రం మాటో ఎవరికి తెలుసు? డాక్టర్‌కి మన భాష రాదు, నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నా పక్కన నిలబడి, నేను తెలుగులో చెప్పే ప్రతి ముక్కా అరబిక్‌లోకి మార్చి, అది వేళాకోళం కాదని ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పే మనిషి కావాలి. తడుముకున్నా ఫర్వాలేదు. తడుముకుంటేనే నమ్ముతారేమో.

ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళలో తెలుగూ అరబిక్కూ రెండూ వచ్చిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె ఎల్లుండి విమానానికి పెట్టె సర్దుకుంటోంది. ముందు విషయమంతా ఆమెకే చెప్పాలి, ఆ నోటుబుక్కు సంగతితో సహా. తిడుతుంది. తిట్టనీ. ఆ తర్వాత అడగాలి, నా తరఫున మాట్లాడతావా అక్కా అని.

పట్టీ తీసి పక్కన పెట్టాను. తెలుగుకు అది అక్కర్లేదు. ఎస్తేరక్కకు ఫోన్ చేస్తున్నాను.