ఊరు దాటని చక్రం

జీపు మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా వెదురు గడ కనిపించింది. గడ వెనక ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో పేడనీళ్ల తపేలాలు. మంగ్లు బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక తాళ్లతో కట్టిన ఇనుప మిషను ఒక్కసారి ముందుకి ఉరికి ఆగింది. దాని పక్కన కూర్చున్న ఫల్గుణ రెండు చేతులా దాన్ని వాటేసుకున్నాడు.

“ఏంటి మామా, దారి దోపిడీయా?”

“ఇటుకల పండగరా! గాజువాక ఎల్లి పండగే మర్సిపోనావేటి?”

నిజంగానే మర్చిపోయాడు. చైత్రంలో మగవాళ్లు వేటకి అడవిలోకి వెళ్తే, అరకు చుట్టుపక్కల రోడ్లన్నీ ఆడవాళ్లవే. అటుగా వచ్చినవాడు ఎంతటివాడైనా పండక్కి ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఇవ్వలేనివాడు దిగి వాళ్లతో థింసా నాట్యం ఆడాలి. రెండూ కుదరవంటే తపేలాలు సిద్ధంగా ఉండనే ఉన్నాయి.

గుంపులోంచి ఒకమ్మాయి ముందుకొచ్చింది. ముక్కుకి రెండువైపులా పుడకలు, జడలో అడవి మల్లెలు. కళ్లలో జాలి మాత్రం మచ్చుకైనా లేదు.

“ఇత్తావా, ఆడతావా?”

“చూడు గుంటా, ఉన్నదంతా ఈ మిషన్‌లో పెట్టేశాను. జేబు ఖాళీ. డాన్స్ నాకు రాదు. ప్లీజ్, అడ్డు తియ్యి.”

“గుంటా ఏటి? గంగాభవాని నా పేరు.” వంగి జీపులోకి చూసింది. “ఇదేటి, సెరుకు రసం తీసే మిషనా?”

ఫల్గుణకి పౌరుషం వచ్చేసింది. మూతపడిన బస్సు బాడీ షెడ్డు వేలంలో పోటీపడి పాడుకున్న మిషను మరి! “దీన్ని ఇంగ్లీష్ వీల్ అంటారు. పైన పెద్ద చక్రం, కింద చిన్న చక్రం. మధ్యలో రేకు పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తే గుండ్రంగా ఉబ్బుతుంది. మడ్‌గార్డులు, బానెట్లు అన్నీ చెయ్యొచ్చు.”

“మరి ఈ గోనెలోవేటి?”

గోనెలో కింద బిగించే చిన్న చక్రాలు ఇంకొన్ని ఉన్నాయి. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే తళతళలాడుతున్నాయి.

“అవి స్పేర్‌లే” అన్నాడు నిర్లక్ష్యంగా.

ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది. భవాని గోనెలో చెయ్యిపెట్టి ఒక చక్రం తీసి, చీరకొంగులో మూట కట్టేసింది.

“స్పేరే కదా! పండక్కిచ్చినట్టే. ఎల్లు బేగి!”

ఫల్గుణ నోరు తెరిచేలోపల గడ పైకి లేచింది. మంగ్లు నవ్వాపుకోలేక గేరు మార్చడం మర్చిపోయాడు.

అరకు బస్టాండు వెనక ఉన్న రేకుల షెడ్డు మంగ్లుదే. మిషను దింపగానే మేనల్లుడికి తెగేసి చెప్పాడు. జీపు ముందు మడ్‌గార్డు లారీ తగిలి నుజ్జయిపోయి తీగలతో వేలాడుతోంది. వానలు పడేలోగా కొత్తది చేసిచ్చాడా, షెడ్డు అతనిది. చెయ్యలేకపోయాడా, మిషను పాత ఇనపసామానుకి, ఫల్గుణ మళ్లీ గాజువాకకి. అక్కడ ఇంకొకరి కింద బతుకంతా సుత్తి కొట్టడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

మొదటి రేకు పెట్టాడు. అది ఉబ్బలేదు, అప్పడంలా అలలు తేలింది. కింద ఇంకో చక్రం మార్చి, మర బాగా బిగించి తోశాడు. ఈసారి రేకంతా దున్నిన చేనైంది. ఫల్గుణ తల పట్టుకుని ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాడు. గాజువాకలో తనకి పని నేర్పిన సూర్యనారాయణ మేస్త్రి ఫోనెత్తి సంగతంతా విన్నాడు.

“స్పేర్లా? ఓరి నీ అసాధ్యం కూలా! ఒక్కోదానికి ఒక్కో పొట్టరా. ఒకటి చదును, ఒకటి బాగా గుండ్రం. మడ్‌గార్డుకి మధ్యరకం పొట్టే కావాలి. మర వదులుగా పెట్టు. గీత పక్కన గీత పడేలా మెల్లిగా తోసుకుంటూ పో. మధ్యరకం ఉందిగా?”

ఫల్గుణ రిసీవరు పడేసి షెడ్డుకి పరిగెత్తి, గోనెలోవి ఒక్కొక్కటీ తడిమి చూశాడు. మధ్యరకం భవాని కొంగులో ఉంది!

మర్నాడే కొండ మీదున్న భవాని వాళ్ల ఊరు లింగగుడ ఎక్కాడు. ఊరి మొదట్లో అమ్మవారు జాకరమ్మ రాయి దగ్గర భవాని మామ్మ కూర్చుని ఉంది. రాయి పక్కన చూసి ఫల్గుణ కళ్లు తేలేశాడు. చక్రానికి ఒళ్లంతా ఆముదం, దాని మీద పసుపు, కుంకుమబొట్టు!

“మామ్మా, అది నాది! మిషన్ పార్టు!”

“నీదే. పండక్కిచ్చినావు, అమ్మదైపోనాది. ఇటుకల పండక్కి వచ్చింది ఊరు దాటకూడదు.”

“అది లేకపోతే నేను మునిగిపోతాను మామ్మా!”

ముసలమ్మ పొగచుట్ట వెలిగించుకుంది. జవాబు ఎదురుగా ఉన్న వాళ్లింటి గుమ్మంలోంచి వచ్చింది.

“సెక్రం ఊరు దాటకూడదు. మిషను ఊళ్లోకి రాకూడదని ఎవులన్నారు?” అంది భవాని చేటతో బియ్యం చెరుగుతూ.

ఫల్గుణ నిర్ఘాంతపోయాడు. అరకులో ఆ మాట విన్న మంగ్లు ఇంకా నిర్ఘాంతపోయాడు. అయినా గత్యంతరం లేక ఇద్దరూ ఆ ఇనుప భూతాన్ని మళ్లీ జీపెక్కించి, లింగగుడలో భవానీ వాళ్ల పశువుల పాకలో దించారు. ముసలమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టించి చక్రం చేతికిచ్చింది. పనవగానే తెచ్చి మళ్లీ రాయి దగ్గర పెట్టాలి, అదీ ఒప్పందం.

మడ్‌గార్డు రేకు పెద్దది. ఒక్కడు పట్టుకుంటే రెండో కొస వేలాడి వంకరపోతోంది. మంగ్లు జీపుతో వెళ్లిపోయాడు, ఊళ్లో మగవాళ్లు ఇంకా అడవిలోనే ఉన్నారు.

“నాను పడతాను” అంది భవాని.

“నీకు రాదు. రేకు కోసుకుంటుంది.”

“నీకొచ్చేటి?”

 ఆమె చేతికి పాతగుడ్డ చుట్టి అవతలి కొస ఇచ్చాడు. అతను తోస్తే ఆమె లాగాలి, ఆమె తోస్తే అతను లాగాలి. మొదట్లో ఇద్దరూ ఒకేసారి తోశారు, ఒకేసారి లాగారు, ఒకరినొకరు తిట్టుకున్నారు.

“దాంతో కుస్తీ పడతావేటి? బిగించీకు!” అని ఆమె.

“స్ట్రెయిట్‌గా పంపించు తల్లీ!” అని అతను.

పాకలోకి వేసవి వాన జల్లు కొట్టింది. భవాని కొంగుతో రేకు తుడుస్తూ, అలవాటుగా థింసా పాటొకటి కూనిరాగం తీసింది. పాటతోపాటు ఆమె అడుగులు ముందుకి పడ్డాయి, వెనక్కి పడ్డాయి. రేకూ వాటితోపాటే వెళ్లి వచ్చింది. గీత పక్కన గీత. ఫల్గుణ తనకి తెలియకుండానే అడుగు కలిపాడు. కాసేపటికి రేకు నడుమ పల్చగా, నున్నగా పొంగింది.

“ఉబ్బింది! భవానీ, ఉబ్బింది!”

ఆమె పొంగు మీద అరచెయ్యి వేసి చూసింది. అతనూ వేశాడు. చేతులు తగిలాయి. ఇద్దరికీ తీసేసుకోవాలని తోచలేదు.

ఆ తర్వాత రోజూ పని సాగింది. ఎందుకనో రోజూ కొంచెమే సాగింది. చిన్న సొట్ట ఉందని మళ్లీ తోసేవారు, లేని సొట్ట కూడా వెతికి తోసేవారు. చివరికి మడ్‌గార్డు జీపుకి అమరిన రోజు మంగ్లు దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు.

“నువ్వే సేసినావా? నిజం సెప్పు!” అని మేనల్లుణ్ణి గుచ్చిగుచ్చి అడిగి, అక్కడికక్కడే షెడ్డు తాళం చేతిలో పెట్టాడు.

గెలిచేశాడు. గెలిచిన సంబరంలో నోరుజారాడు. “ఇంక బెంగ లేదు మామా. మిషన్ అరకు తీసుకుపోదాం. మధ్యరకం చక్రం వైజాగ్‌లో లేత్ మీద ఇంకోటి చేయించుకుంటా.”

భవాని ముఖం తెల్లబోయింది. గిరుక్కున తిరిగి వెళ్లి, రాయి దగ్గరున్న చక్రం తెచ్చింది. పసుపు కడిగేసింది. అతని చేతిలో పెట్టింది.

“ఇదే అట్టుకుపో. నువ్వొచ్చింది దీని కోసమే కదా! మామ్మ తిట్లు నాను పడతాను.”

ఫల్గుణకి పిడుగు పడ్డట్టయింది. అమ్మవారి సొమ్ము, ఊరి కట్టు, అన్నీ దాటి ఆ పిల్ల తనకి ఇచ్చేస్తోంది. తనేమో వెళ్లిపోతానని నవ్వుతూ చెప్పాడు! ఈ అమ్మాయి లేకుండా ఆ షెడ్డులో ఏం చెయ్యాలో అతనికి ఒక్కసారిగా తెలియకుండా పోయింది. చక్రం పట్టుకుని గబగబా నడిచి, తీసుకెళ్లి జాకరమ్మ ముందు పెట్టేశాడు.

“ఇది ఊరు దాటదు” అన్నాడు రొప్పుతూ. “మిషనూ దాటదు. షెడ్డు ఇక్కడే వేస్తాను. భవానీ, నాకు నువ్వంటే ఇష్టం. చక్రం కోసం ఒక్కరోజే వచ్చాను. మిగతా రోజులన్నీ నీకోసమే వచ్చాను.”

వెనకే పరిగెత్తుకొచ్చిన భవాని రెండు చేతులా ముఖం కప్పుకుంది. ముసలమ్మ మాత్రం నింపాదిగా చుట్ట బూడిద రాల్చింది.

“ఓలి ఇచ్చినోడు ఎక్కడికెల్తాడులే!”

“ఓలా?” ఫల్గుణ అదిరిపడ్డాడు. ఆ కొండల్లో పెళ్లికొడుకు పిల్ల ఇంటికి ఇచ్చుకునే ఓలి సంగతి అతనికి తెలుసు. తను ఎప్పుడిచ్చాడో మాత్రం తెలియదు.

“పండగ నాడు మా గుంట కొంగులో ఏసినావు కదరా! ఉట్టినే ఎవులేత్తారు? సంతలో అందరికీ అప్పుడే సెప్పీసినాను. మీ మామతో మాటయిపోనాది, కల్లు కూడా తాగీసినాం.”

ఫల్గుణ మంగ్లు వంక చూశాడు. మంగ్లు కొత్త మడ్‌గార్డు వంక తీక్షణంగా చూస్తున్నాడు.

“మామ్మా!” భవాని కేక ఊరంతా వినపడింది. “నన్నడిగినావేటి?”

“నిన్నడగాలేటి? లేని సొట్టలు ఎతుకుతుంటే కళ్లతో సూళ్లేదేటి?”

పిల్ల ముఖం కందిపోయింది. ఫల్గుణ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు. “మామ్మ సంగతి వదిలెయ్. నీకిష్టమేనా?”

“ఓలి మామ్మ పుచ్చుకుంది. మాట నానివ్వాల.” కళ్లు దించుకునే చెయ్యి చాచింది. “ముందు ఆడు. ఆ రోజు ఆడనన్నావు కదా!”

“నాకు రాదన్నానుగా!”

“రేకు అట్టుకున్నట్టు అట్టుకో. గట్టిగా బిగించీకు.”

పట్టుకున్నాడు. ముందుకి అడుగు వేశాడు, వెనక్కి వేశాడు, ఆమె కాలు తొక్కాడు. భవాని పగలబడి నవ్వి, అతని చెయ్యి ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

“మాట ఇచ్చీసినాను, పో!” అంది.